చక్రానికో గొలుసు

గొలుసు అనగానే మన ఆడవాళ్ళ చెయ్యి తెలియకుండానే మెడ దగ్గరికి పోతుంది. ఉండాల్సింది అక్కడ ఉందని తెలిశాక గాని మిగతా మాట చెవికెక్కదు. మా కరీంనగర్ వాళ్ళకైతే ఈ అలవాటు ఇంకాస్త ఎక్కువే అనుకోండి. వెండిని వెంట్రుకంత సన్నటి తీగగా సాగదీసి, ఆ తీగతోనే పన్నీరు బుడ్లూ పళ్ళేలూ అల్లే ఊరు కదా మాది!

ఇంట్లో ఒకసారి కళ్ళు తిప్పి చూడండి, ఎన్ని గొలుసులు కనిపిస్తాయో. మెడలో గొలుసు, కాళ్ళకు పట్టీలు, పాతకాలపు తలుపుకు గొలుసు, దూలానికి వేలాడే ఉయ్యాల గొలుసు. ఇల్లు దాటితే రైలుపెట్టెలో లాగే గొలుసు, గుడి ముందు ఏనుగు కాలికి గొలుసు. కట్టి పడేయడమో, పట్టి ఆపడమో, పోకుండా చూడడమో ఇవన్నీ చేసే పని. సైకిలు చెయిను ఒక్కటి దీనికి మినహాయింపు. ఇంకొకటి కూడా ఉంది. దాన్ని చక్రానికి కడతారు. చక్రానికి గొలుసు కడితే బండి ఆగిపోవాలి కదా? ఆగదు. ఆగిన బండి కదులుతుంది! మంచుదేశాల్లో కారు టైర్ల చుట్టూ వేసే ఈ గొలుసులనే స్నో చెయిన్లు అంటారు.

మే నెలలో 45 డిగ్రీల ఎండలో మాడే ఊళ్ళో కూర్చుని మంచు గొలుసుల కథ ఎందుకమ్మా అని మీరడగొచ్చు. రెండు కారణాలున్నాయి. మా జిల్లాలో ఇంటికొకరు కాకపోయినా వాడకు ఇద్దరు ముగ్గురు పిల్లలు మంచు కురిసే దేశాల్లో బండ్లు నడుపుతున్నారు. అది మొదటిది. ఇక రెండోది, మంచు పడకపోయినా ఆ గొలుసుకు తోబుట్టువు లాంటిదొకటి మా పొలాల్లోనే తిరుగుతోంది. దాని మీద వానాకాలం, యాసంగి అని లేకుండా ఊరూరా తగువులు నడుస్తూనే ఉన్నాయి. దాని కథ తెలియాలంటే ముందు చక్రం కథ తెలియాలి.

వంటింటి గచ్చు మీద నూనె ఒలికిందనుకోండి. దాని మీద అడుగు వేస్తే కాలు కదులుతుంది, మనిషి మాత్రం ముందుకు పోదు. పోతే నడుం మీద పోతుంది! ఆ గచ్చు మీద ఇంత బూడిదో ముగ్గుపిండో చల్లామంటే కాలు నిలబడుతుంది. నడవడమంటే కాలు కదపడం ఒక్కటే కాదన్నమాట, కాలి కింది నేల మనల్ని పట్టుకోవాలి. చక్రానికీ అంతే. ఎంత వేగంగా తిరిగినా, నేల పట్టు ఇవ్వకపోతే ఉన్నచోటనే గిరగిర తిరుగుతుంది.

మరి వేల ఏళ్ళుగా నడిచిన ఎడ్లబండికి ఈ చిక్కు ఎందుకు రాలేదు? అక్కడ లాగేది ఎద్దు. చక్రం దాని వెనక దొర్లుతూ రావడమే. పట్టు కావలసింది ఎద్దు గిట్టకు. అందుకే మనవాళ్ళు చక్రానికి నున్నటి ఇనుప పట్టా వేశారు, ఎద్దు గిట్టలకు నాడాలు కొట్టారు. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది కాబట్టి ఒక్కో కాలికి రెండేసి నాడాలు. ఇనుప పట్టా వేయడం కూడా చూడముచ్చటైన పని. పట్టాను నిప్పుల్లో ఎర్రగా కాల్చి, అది వ్యాకోచించి ఉన్నప్పుడే కర్రచక్రానికి ఎక్కించి, గబగబా నీళ్ళు పోసేవాళ్ళు. చల్లబడేసరికి పట్టా ముడుచుకుని, చక్రంలోని ఆకులన్నిటినీ బిగించి పట్టేది. ఒక్క మేకు అక్కర్లేదు.

ఆ చక్రానికి మా నేలతోనే పేచీ. ఆదిలాబాద్ వైపు పత్తి పండే నల్లరేగడి మీరు చూసే ఉంటారు. ఎండాకాలంలో చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చుతుంది. వాన పడితే ఆ మట్టే నీళ్ళు తాగి ఉబ్బి, జిగురై, కాలికి అంటితే కాలితోనూ చెప్పుకు అంటితే చెప్పుతోనూ వస్తుంది. సన్నటి ఇనుప పట్టా ఆ నేలను కత్తి కోసినట్టు కోసేది. ముందు బండి చేసిన గాడిలోనే వెనక బండి, దాని వెనక ఇంకో బండి. నాలుగు వానలకు ఆ గాడి కాలువయ్యేది. అందుకే మా పెద్దవాళ్ళు పెళ్ళిళ్ళూ ప్రయాణాలూ వానలకు ముందే ముగించుకునేవాళ్ళు. సవారీ కచ్చురం కట్టించుకుని బయలుదేరినా, వాగు దగ్గరో రేగడి దగ్గరో దిగి నడవక తప్పేది కాదు.

బండి దిగబడితే ఏం చేసేవాళ్ళు? ఇంకో జత ఎడ్లను తెచ్చి కట్టేవాళ్ళు. ఊరు ఊరంతా చక్రానికి భుజం ఆనించేది. చక్రం కింద కంపో వరిగడ్డో రాళ్ళో వేసేవాళ్ళు. చక్రానికి మాత్రం ఎవరూ ఏమీ కట్టలేదు. లాగేది చక్రం కాదు కనుక, కట్టినా లాభం లేదు.

మోటారు వచ్చి ఈ లెక్కను తలకిందులు చేసింది. ఎద్దు ఎక్కడికీ పోలేదండీ, చక్రంలోకి దూరింది! ఇంజను బలం ఇరుసు గుండా చక్రానికి వస్తుంది, ఆ చక్రమే నేలను వెనక్కి తోసి బండిని ముందుకు నడపాలి. లాగడమూ దొర్లడమూ రెండూ దాని పనే అయ్యాయి. అంటే నాడాలు కొట్టాల్సింది ఇప్పుడు చక్రానికి.

తొలినాటి రబ్బరు టైర్లు పిల్లల చెంపల్లా నున్నగా ఉండేవి. గాలి నింపిన టైరుకు 1888లో పేటెంటు పొందిన డన్లప్ గారు బెల్‌ఫాస్ట్‌లో పశువుల డాక్టరు. తన కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపులు తగ్గించాలని మొదలుపెట్టిన పని అది. కుదుపులు తగ్గాయి, సుఖం పెరిగింది. కానీ నున్నటి రబ్బరు తడిమట్టి మీద, మంచు మీద, మనం నూనె గచ్చు మీద జారినట్టే జారేది. అప్పటి కార్లలో చాలామటుకు వెనక చక్రాలతోనే నడిచేవి. ఆ రెండూ పట్టు తప్పాయంటే కారు కదలదు, కదిలినా చెప్పినట్టు వినదు.

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో కానస్టోటా అని ఒక ఊరుంది. ఆ ఊరికి చెందిన హ్యారీ వీడ్ అనే ఆయన, బురదలో కారు దిగబడినప్పుడు డ్రైవర్లు టైర్ల చుట్టూ తాడు చుట్టడం చూశాడట. తాడు పట్టు ఇస్తుంది, కాని కాసేపటికే తెగిపోతుంది. తాడు బదులు గొలుసు ఎందుకు వేయకూడదు అనిపించింది ఆయనకు. టైరుకు రెండు పక్కలా రెండు గొలుసులు, వాటిని కలుపుతూ టైరు మీదుగా అడ్డంగా చిన్న చిన్న గొలుసులు. ఒక నిచ్చెనను చక్రం చుట్టూ చుట్టినట్టన్నమాట. కావాలంటే తొడగొచ్చు, వద్దంటే తీసి పెట్టుకోవచ్చు. 1904 ఆగస్టు 23న దానికి పేటెంటు వచ్చింది. మరుసటి సంవత్సరమే, 1905లో, ఎలగందుల జిల్లా కాస్తా కరీంనగర్ జిల్లా అయింది. అక్కడ కారుకు గొలుసు పుట్టేనాటికి ఇక్కడ మేము ఇంకా ఎడ్ల నాడాల దగ్గరే ఉన్నామని చెప్పడానికే ఈ రెండు తేదీలనూ ఒకచోట పెట్టాను.

వీడ్ చేసిన దాంట్లో గొప్పంతా గొలుసులో లేదు. ఇనుప ముళ్ళు కొట్టిన చక్రాలు, కోరల్లాంటి పళ్ళున్న చక్రాలు ఉండనే ఉన్నాయి. వాటిని ఊరికే విప్పి పెట్టడానికి వీల్లేదు. ఈ గొలుసును విప్పొచ్చు! మంచు ఉన్నంతమేరా ఉంచుకుని, మంచి రోడ్డు రాగానే తీసేయొచ్చు. తర్వాత వందేళ్ళకు పైగా లోకం పడుతున్న తగువంతా ఈ ‘తీసేయడం’ దగ్గరే వచ్చింది.

ట్రాక్టర్ల సంగతే చూడండి. మొదటి తరం ట్రాక్టర్లకు ఇనుప చక్రాలుండేవి, వాటి నిండా కోరలు. దుక్కిలో పట్టు బ్రహ్మాండంగా ఉండేది. పొలం దాటి రోడ్డెక్కితే మాత్రం రోడ్డును నమిలి పారేసేవి. అమెరికాలో చాలాచోట్ల అలాంటి ట్రాక్టర్లు మంచి రోడ్ల మీదికి రావద్దని చట్టాలు చేశారు. పొలానికీ పొలానికీ మధ్య రోడ్డు ఉన్న రైతు పాపం ఏం చేయాలి? 1932లో అలిస్ చామర్స్ కంపెనీ గాలి టైర్లున్న ట్రాక్టరును అమ్మకానికి పెట్టింది. రబ్బరుతో దుక్కి దున్నడమేమిటని రైతులు నవ్వితే, పేరున్న రేసు డ్రైవర్లను ట్రాక్టర్ల మీద కూర్చోబెట్టి తిరునాళ్ళలో పోటీలు పెట్టి మరీ చూపించారు. మెల్లగా కోరలు పోయాయి, రబ్బరు నిలిచింది.

అదే 1932లో, జూన్ నెలలో, మన నిజాం రాజ్యంలో రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ మొదలైంది. 27 బస్సులు, 166 మంది పనివాళ్ళు. ఈనాటి ఆర్టీసీకి తల్లివేరు అదే. బస్సు వచ్చింది సరే, బస్సుకు తగ్గ రోడ్డు పల్లెపల్లెకూ రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. మా చిన్నప్పుడు కూడా ఆదిలాబాద్ వైపు చుట్టాలింటికి పోతుంటే, వానాకాలంలో బస్సు దిగబడడం మామూలే. మగవాళ్ళు వెనక నుంచి తోసేవాళ్ళు. ఆడవాళ్ళం చెప్పులు చేతబట్టుకుని, చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని ఒడ్డున నిలబడేవాళ్ళం. వెనక చక్రం గిర్రున తిరిగి తోసేవాళ్ళ మీద ఇంత బురద చిమ్మేది. డ్రైవరు దిగి వచ్చి, చక్రానికి మోకు చుట్టి, కింద తుమ్మకంప తొక్కించేవాడు. వీడ్ పేరు ఆయన విని ఉండడు. విననక్కర్లేదు కూడా. దిగబడ్డ బండి ఏ దేశంలోనైనా ఆ తెలివిని తనే నేర్పుతుంది.

ఇక మా పొలాల సంగతికి వద్దాం. 1963 జూలైలో పోచంపాడు దగ్గర గోదావరి మీద నెహ్రూ గారు పునాదిరాయి వేసిన ప్రాజెక్టే తర్వాత శ్రీరాంసాగర్ అయింది. కాకతీయ కాలువ మా జిల్లాలోకి వచ్చింది. మానేరు మీద డ్యాము కట్టారు. చెరువు కిందా బావి కిందా మాత్రమే కనిపించే వరి, కాలువ వెంట మైళ్ళకొద్దీ పరుచుకుంది. నీళ్ళు వచ్చాయంటే బురద వచ్చిందన్న మాటే. వరికి కావలసింది మామూలు దుక్కి కాదు, కరిగెట. మడి నిండా నీళ్ళు పెట్టి, మట్టినీ నీళ్ళనూ కలిపి అంబలిలా చేస్తే గాని నాటు పడదు.

ఆ అంబలిలోకి రబ్బరు టైర్ల ట్రాక్టరు దిగితే ఏమవుతుంది? టైరు మీది గీతల్లో బురద నిండి, టైరు మళ్ళీ నున్నగా అయిపోతుంది. మన దగ్గర ట్రాక్టర్లలో ఎక్కువ భాగం రెండు చక్రాలతో నడిచేవే. ముందున్న చిన్న చక్రాలు దారి చూపిస్తాయి, వెనకున్న పెద్ద చక్రాలు లాగుతాయి. ముందువి బండి చక్రాలు, వెనకవి ఎద్దులు. ఎద్దులు జారుతున్నాయంటే నాడాలు కొట్టాలి. అలా వచ్చినవే కేజ్ వీల్స్. గుండ్రటి ఇనుప పంజరం, దాని చుట్టూ అడ్డంగా ఇనుప పట్టీలు. ఒక రకం టైరు పక్కనే బిగించేది, ఇంకోటి టైరు విప్పి దాని బదులు పెట్టేది. వెడల్పుగా ఉంటాయి కాబట్టి బురదలో బండి కూరుకుపోదు, పట్టీలు తెడ్లలా నేలను తోస్తాయి, పనిలో పనిగా మట్టినీ చిలుకుతాయి. మంచుకు స్నో చెయిను ఎలాగో, కరిగెటకు కేజ్ వీల్ అలాగ. ఒకే తల్లి పిల్లలు.

మళ్ళీ అదే తగువు! మడిలో దిగినంతసేపూ దేవుడిలా ఉన్న చక్రం, ఒడ్డెక్కి తారురోడ్డు మీదికి రాగానే రాక్షసి అవుతుంది. పట్టీ పట్టీకీ రోడ్డు మీద ఒక గాటు. ఆ గాట్లలో నీళ్ళు దిగుతాయి, అంచులు లేస్తాయి, రెండు వానలకు గుంతలు పడతాయి. ఎన్నో ఏళ్ళు అడిగితే వచ్చిన రోడ్డు ఒక నాట్ల కాలంలో ఖరాబవుతుంది. కేజ్ వీల్స్‌తో రోడ్డెక్కితే జరిమానాలు వేస్తామని, కేసులు పెడతామని కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి వైపు పోలీసులు హెచ్చరిస్తూనే ఉన్నారు. ట్రాక్టర్లు పోతూనే ఉన్నాయి.

రైతుది తప్పు అనేసి ఊరుకోవడం తేలికే. ఊరి మూల మీద నిలబడి వింటే రెండు వైపులా న్యాయం ఉన్నట్టే తోస్తుంది.

“తమ్మీ, గా చక్రాలు ఇప్పి రోడ్డెక్కరాదా? నిన్న గాక మొన్న ఏసిన రోడ్డాయె” అంటుంది కిరాణం కొట్టు ముందు నిలబడ్డ పెద్దావిడ.

“ఇప్పి, టైర్లు పెట్టి, మళ్ళ ఆడికి పోయి గివి పెట్టేసరికి ఒక మడి దున్నుడు అయితది అక్కా. ఆడ కూలోళ్ళు నాటు కోసం కూసున్నరు. ఎవరికని చెప్పాలె?” అంటాడు డ్రైవరు.

అతనూ నిజమే చెబుతున్నాడు. ట్రాక్టరు చాలాసార్లు అతనిది కాదు, కిరాయికి గంటల లెక్కన నడుస్తుంది. ఈ మడికీ ఆ మడికీ మధ్య రోడ్డు అర కిలోమీటరే. బరువైన ఇనుప చక్రాలు విప్పడానికి ఒక్క మనిషి చాలడు. నారు ముదిరిపోతుంటే, కాలువ నీళ్ళు వంతు దాటిపోతుంటే, రోడ్డు గురించి ఆలోచించే తీరిక ఎవరికుంటుంది? పెద్దావిడదీ నిజమే. ఆ రోడ్డు మీదనే ఆమె మనవరాలు ఆటోలో బడికి పోతుంది. నెలలు నిండిన కోడలికి నొప్పులొస్తే 108 అంబులెన్సు ఆ గుంతల మీదుగానే రావాలి. మడిలో దొరికిన పట్టుకు రోడ్డు మీద ఖరీదు కడుతున్నది కడుపుతో ఉన్న పిల్ల నడుము అన్నమాట.

ఈ తగువు మనకే వచ్చిందనుకోకండి. మంచుదేశాల్లో గొలుసు తొడగడం విసుగని, ఇనుప మేకులు దిగేసిన టైర్లు తయారుచేశారు. చలికాలం మొదట్లో ఒకసారి వేసుకుంటే మంచు పోయేదాకా తీయనక్కర్లేదు. వినడానికి ఎంత బాగుందో! మంచు కరిగి ఉత్త రోడ్డు బయటపడ్డ రోజుల్లో కూడా ఆ మేకులు రోడ్డును గీకుతూనే ఉన్నాయి. అమెరికాలో మంచుకు పేరుబడ్డ మిన్నెసోటా రాష్ట్రం రోడ్లు అరిగిపోవడం చూసి 1971లో వాటిని నిషేధించింది. జపానులో సెండాయ్ నగరంలోనైతే అరిగిన రోడ్డు ధూళై గాలిలో లేచింది. రోడ్డు పోతే పోయింది, ఆ ధూళిని పీల్చే మనుషుల మాటేమిటని జనం గొడవపెట్టారు. చివరికి 1990లో జపాను ప్రభుత్వం ఆ టైర్ల ధూళిని అరికట్టడానికే ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. మేకులు లేకుండానే మంచు మీద పట్టు ఇచ్చే మెత్తటి రబ్బరు టైర్లు అక్కడ వాడుకలోకి వచ్చాయి. మరీ మంచు దట్టమైతే మళ్ళీ పాత గొలుసే. పెట్టెలోంచి తీయడం, పనయ్యాక పెట్టెలో పెట్టడం.

ఇప్పుడు మన పిల్లల దగ్గరికి వద్దాం. మొన్న చలికాలంలో పక్కింటి వదిన గోడ మీదుగా పిలిచింది.

“వదినా, మా అల్లుడు పండుగ సెలవులకు కొండల మీదికి తోలుకపోతనని కారుకు గొలుసు కొన్నడట.”

“ఎన్ని తులాలట?” అన్నాను.

“నేను గదే అడిగిన! మా బిడ్డ ఒకటే నవ్వుడు” అంది వదిన. నవ్వి నవ్వి, చివరికి కొంగుతో మొహం తుడుచుకుంటూ, “అది ఏసుకుంటే ఏం భయం లేదు గద వదినా?” అనడిగింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే చాలా సంగతులు తెలుసుకోవలసి వచ్చింది. మీ ఇళ్ళల్లోనూ అలాంటి బిడ్డలూ అల్లుళ్ళూ ఉంటారు కనుక చెబుతున్నాను.

మొట్టమొదట చూడవలసింది గొలుసును కాదు, కారును. ఎద్దు ఏ చక్రాల్లో ఉందో తెలుసుకోవాలి. నాలుగు చక్రాలూ లాగే బండ్ల దారి వేరు, వాటికి ఎక్కడ వేయాలో బండి పుస్తకమే చెబుతుంది. రెండు చక్రాలు లాగే కార్లలో ఈ రోజుల్లో చాలావాటికి లాగేవి ముందు చక్రాలు, కొన్నిటికి వెనకవి. గొలుసు లాగే చక్రాలకే వేయాలి. దొర్లే చక్రాలకు వేసి, లాగే చక్రాలను ఉత్తగా వదిలేస్తే ఎద్దును విడిచి బండికి నాడాలు కొట్టినట్టు! అలాగే ముందు చక్రాలకు మాత్రమే గొలుసు ఉంటే, ముందు పట్టు ఎక్కువై వెనక భాగం జారే గుణం ఉంటుంది. దిగుడులో, మలుపులో నెమ్మదిగా పోవాలన్నది అందుకే. గొలుసు వేశాం కదా అని ధీమాగా పోయేవాడికే ప్రమాదం ఎక్కువ.

రెండోది కొలత. గాజులు కొనేటప్పుడు చేతి కొలత చూసుకున్నట్టే ఇదీ. టైరు పక్కన 205/55 ఆర్ 16 అన్నట్టు అంకెలుంటాయి. మొదటిది టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది ఆ వెడల్పులో ఎత్తు ఎన్ని పాళ్ళో, చివరిది లోపలి ఇనుప చక్రం ఎన్ని అంగుళాలో. గొలుసు డబ్బా మీద ఈ మూడు అంకెలూ ఉంటేనే అది ఆ కారుది. వదులైతే విసిరికొట్టి బ్రేకు గొట్టాలను తెంపుతుంది, బిగుతైతే అసలు ఎక్కదు.

మూడోది ఖాళీ. టైరుకూ దాని పైన ఉన్న బండి లోపలి భాగాలకూ మధ్య ఎంత చోటుందో చూడాలి. ఈనాటి చిన్న కార్లలో ఆ చోటు చాలా తక్కువ. కొన్ని కార్లకు గొలుసు వేయనే వద్దని కారుతో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. ఆ పుస్తకం మన మగవాళ్ళు చదవరు, వంటల పుస్తకం కాకపోయినా మనమే చదవాలి!

ఇక రకాలు. వీడ్ గారి నిచ్చెన గొలుసు ఇప్పటికీ ఉంది. గట్టిది, చవక, కాని మెట్టు మెట్టుకూ టకటకమని కుదుపుతుంది, పక్కకు జారడాన్ని అంతగా ఆపదు. అడ్డంగా కాక ముగ్గులో గళ్ళలా అల్లిన రకం మెత్తగా పోతుంది, పక్కకు కూడా పట్టు ఇస్తుంది, ఖరీదు కొంచెం ఎక్కువ. సన్నటి ఉక్కు తీగతో చేసినవి చోటు తక్కువున్న కార్లకు పనికివస్తాయి, పట్టు ఆ మేరకు తక్కువ. టైరుకు మేజోడులా తొడిగే గుడ్డ రకం కూడా వచ్చింది. తేలిక, తొడగడం సులువు, కాని మంచు లేని రోడ్డు మీద త్వరగా చిరిగిపోతుంది. అప్పుడప్పుడు ఒకసారి కొండెక్కే వాళ్ళకూ, రోజూ మంచులో ఉద్యోగానికి పోయే వాళ్ళకూ ఒకటే గొలుసు సరిపోదు. రోజూ పోయే వాళ్ళకు మంచి చలికాలపు టైర్లే ముందు, గొలుసు ఆ తర్వాత.

కాలిఫోర్నియాలో కొండదారుల మీద మూడు మెట్ల నియమం ఉంది. మొదటి మెట్టులో గొలుసులు వేయాలి, కాని లాగే చక్రాలకు మంచు టైర్లున్న చిన్న బండ్లకు మినహాయింపు. రెండో మెట్టులో నాలుగు చక్రాలూ లాగే బండై, నాలుగింటికీ మంచు టైర్లుంటేనే మినహాయింపు. మూడో మెట్టులో ఎవరికీ లేదు. మినహాయింపు ఉన్నవాళ్ళు కూడా గొలుసులు బండిలో పెట్టుకునే పోవాలి. గొలుసులు వేశాక వేగం గంటకు 25, 30 మైళ్ళు దాటకూడదు. అంటే మన లెక్కన 40, 48 కిలోమీటర్లు. మన దేశంలోనూ ఇది లేకపోలేదు. 2020లో అటల్ సొరంగం తెరిచాక మనాలీ వైపు మంచు చూడటానికి పోయేవాళ్ళు పెరిగారు. మంచు దట్టంగా పడిన రోజుల్లో పోలీసులు నాలుగు చక్రాలు లాగే బండ్లనో, గొలుసులు వేసిన బండ్లనో తప్ప పైకి పోనివ్వరు.

వదినకు ముఖ్యంగా చెప్పింది మాత్రం ఇది. గొలుసు డబ్బా కొన్న రోజే ఇంటి ముందు ఎండలో ఒకసారి తొడిగి, విప్పి చూసుకోమను. చీకట్లో, మంచులో, వేళ్ళు కొంకర్లు పోతుంటే, వెనక కారులో పిల్లవాడు ఏడుస్తుంటే నేర్చుకునే విద్య కాదది. వేశాక కొంచెం దూరం పోయి ఆగి, మళ్ళీ బిగించమను. నల్లటి రోడ్డు కనబడగానే పక్కన ఆపి తీసేయమను.

“తీసుడు కూడా యాది పెట్టుకోవాల్నా?” అంది వదిన.

అదే కదా అసలు విద్య! వేసుకోవడం అవసరం నేర్పుతుంది. బండి కదలకపోతే ఎవరైనా వేసుకుంటారు. తీసేయడం మాత్రం తెలివే నేర్పాలి. అప్పటికి మన ఆపద గట్టెక్కి ఉంటుంది, ఇక అరిగేది రోడ్డు. రోడ్డు మన సొంతం కాదు కదా అనిపిస్తుంది. అమెరికా రైతు ఇనుప కోరలైనా, సెండాయ్ మేకు టైర్లయినా, మా ఊరి కేజ్ వీల్సయినా చెబుతున్నది అదే. పట్టు దొరికినందుకు కట్టాల్సిన ధర మనం కట్టకపోతే మన వెనక వచ్చేవాళ్ళు కడతారు.

అలాగని పోలీసు జరిమానా ఒక్కటే మందు కాదు. పెద్ద రోడ్డు దాటకుండా మడి నుంచి మడికి పోయేందుకు పొలాల వెంట మట్టిదారి ఉండాలి. విప్పిన చక్రాలు మోసే ట్రాలీ ఉండాలి. నాలుగు మడుల వాళ్ళు కూడబలుక్కుని ఒకే వరసన దున్నించుకుంటే, ట్రాక్టరు రోజుకు పదిసార్లు రోడ్డెక్కే పని తప్పుతుంది. అమెరికా రైతు చేత కోరలు మాన్పించింది చట్టం ఒక్కటే కాదు, చేతికి అందిన రబ్బరు టైరు కూడా.

మన పెద్దవాళ్ళు ‘పట్టూ విడుపూ ఉండాలి’ అని రెండు మాటలనూ ఎప్పుడూ జంటగానే చెప్పారు. పిల్లల చదువుల దగ్గర, కోడళ్ళ సంగతి దగ్గర, ఆస్తి పంపకాల దగ్గర ఆ మాట వింటూనే పెరిగాం. చక్రానికీ అదే వర్తిస్తుందని ఇప్పుడు తెలిసింది. మడి గట్టున ట్రాక్టరు ఆపి, చెమటలు కారుతున్నా ఇనుప చక్రాలు విప్పుతున్న డ్రైవరు ఎక్కడైనా కనబడితే, ఇన్ని మంచినీళ్ళు ఇచ్చి రండి. మన మనవరాలి బడి ఆటో కుదుపు లేకుండా పోయేది అతని పుణ్యానే.